కొట్టెయ్యకుండా పక్కన రాయొచ్చు

"ఇంత తిప్పలు ఎందుకండీ? పాపకి కొత్త బర్త్ సర్టిఫికెట్ చేయించెయ్యండి. మీ పాస్‌పోర్టులో ఎలా ఉందో అచ్చం అలాగే తండ్రి పేరు పడుతుంది."

పోయిన సోమవారం ఒడిశా సరిహద్దులోని మా ఊరు పర్లాకిమిడిలో కోర్టు దగ్గర జెరాక్స్ షాపులో నా వెనకాల నిలబడ్డ పెద్దమనిషి అన్న మాట ఇది. ఆయన చెడ్డవాడేమీ కాదు. నా చేతిలో కాయితాలు చూసి, నా మొహం చూసి, జాలిపడి చెప్పాడు. పక్క బ్లాకులో ఎక్కడో పుట్టినట్టు, అప్పట్లో నమోదు చేయించుకోనట్టు దరఖాస్తు పెడితే సరిపోతుందట. షాపులో ఇంకో ఇద్దరు తలూపారు. ఇంటికొచ్చి చెబితే బావ కూడా "ఆలోచించు" అన్నాడు. కెనడాలో, విండ్సర్‌లో ఉన్న నా భార్య ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అది వద్దులే. మరి ఏం చేద్దాం?" అంది.

పది రోజులుగా నేను ఆలోచిస్తున్నది దాని గురించే. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద కెనడాలో ఉంటూ పౌరసత్వానికి కాయితాలు సర్దుకుంటున్న మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ముఖ్యంగా మాలాగా సరిహద్దు ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళకి పేర్ల దగ్గర ఈ చిక్కు తప్పదు. నాకు తేలినదేమిటో ముందే చెప్పేస్తాను. కాయితాలు ఒకదానితో ఒకటి సరిపోకపోతే, ఎందుకు సరిపోలేదో పక్కన ఒక పేజీలో రాసివ్వాలి. సరిపోవడం కోసం జరిగినదాన్ని మార్చకూడదు. వినడానికి ఇది చాలా మామూలు మాటలాగే ఉంటుంది. ఫైలు చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం అంత మామూలుగా అనిపించదు.

పాప పుట్టింది 2014లో, ఇక్కడే. నేనప్పుడు హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. జనన నమోదుకి మా అమ్మ వెళ్ళింది. గుమాస్తా తండ్రి పేరు అడిగితే "రమణ" అంది. "టైటిల్?" అన్నాడు. ఒడియావాళ్ళకి పేరు చివర ఒక మాట ఉండాలి. పాత్రో, పండా, సాహు, పాణిగ్రాహి, ఇలా ఏదో ఒకటి. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని కూడా సగంమంది పొడి అక్షరంతో సరిపెట్టేస్తాం. అమ్మ మా ఇంటిపేరు చెప్పిందట గానీ ఆయన చెవికి అది టైటిల్‌లా వినపడలేదు. "రావు అని రాయనా?" అని ఆయనే అడిగాడు. తెలుగువాళ్ళంటే చివర రావు ఉంటుందని ఇక్కడి ఆఫీసుల్లో అనుకోవడం మామూలే. అమ్మ "రాయండి" అంది. ఈ సంగతి అమ్మ తర్వాత ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పేది.

అలా ఆ కాయితంలో తండ్రి పేరు గడిలో ఒడియా అక్షరాల్లో రమణ రావు అని ఉంది. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో మా ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో వెంకట రమణ అని ఉన్నాయి. రెండింటిలో కలిసేది ఒక్క రమణే.

పెద్దవాళ్ళ దరఖాస్తుకి బర్త్ సర్టిఫికెట్ అక్కర్లేదు. పాస్‌పోర్టులు, గుర్తింపు కార్డులు, ఇంగ్లీషు వచ్చని రుజువు, ఐదేళ్ళలో మూడేళ్ళు టాక్స్ లెక్కలు సమర్పించి ఉండడం, కెనడాలో ఉన్న రోజుల లెక్క, వీటితో నడుస్తుంది. పిల్లల దరఖాస్తుకి మాత్రం తల్లిదండ్రుల పేర్లున్న జనన పత్రం కావాలి. అది ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో లేకపోతే అనువాదం జోడించాలి. ఆ అనువాదం ఇంట్లోవాళ్ళు చెయ్యకూడదు. మా పిన్ని ముప్పయ్యేళ్ళు స్కూల్లో ఒడియా చెప్పి రిటైరైంది. ఆ నాలుగు లైన్లు ఆమె కంటే బాగా ఎవరు రాస్తారు? కానీ నిబంధనలో అమ్మానాన్నలు, తోబుట్టువులతో పాటు పిన్ని, బాబాయి, మేనమామ కూడా పనికిరారని ఉంది. ఆ మాట చెబితే పిన్ని కాస్త చిన్నబుచ్చుకుంది. "మనోళ్ళయితే నిజం రాయరనా?" అంది. నాకు జవాబు తట్టలేదు.

చదవకుండా పెట్టిన సంతకం

ఇంతకుముందు పీఆర్‌కి వేసినప్పుడు ఈ జనన పత్రం ఎలా గట్టెక్కింది అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. పాత ఫైలు తీసి చూశాను.

అందులో ఒక నోటరీ అఫిడవిట్ ఉంది. అప్పటి మా కన్సల్టెంట్ తయారు చేయించినది. "నన్ను రమణ రావు అని కూడా పిలుస్తారు, ఆ ఇద్దరూ ఒకరే" అని ఉంది. కింద నా సంతకం. నేను ఆ రోజు దాన్ని చదవలేదు. పది కాయితాలు వరసగా పెట్టి ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తే పెట్టేశాను.

ఆ ఇద్దరూ ఒకరే అన్నది నిజం. నన్ను రమణ రావు అని పిలుస్తారన్నది నిజం కాదు. నలభై ఏళ్ళలో నన్ను ఒక్కరు కూడా అలా పిలవలేదు. చిన్న మాటే. ఎవరికీ నష్టం లేదు, నాకు లాభమూ లేదు. కానీ అది ప్రమాణం చేసి చెప్పిన మాట. ఇప్పుడు పాప దరఖాస్తులో మళ్ళీ అదే పత్రం, అదే పేరు వస్తుంది. నేను ఏదో ఒకటి చెప్పాలి. మునుపటి మాటే మళ్ళీ చెబితే ఈసారి తెలిసి చెప్పినట్టు. నిజం చెబితే మునుపు చెప్పింది తప్పని ఒప్పుకున్నట్టు.

నా భార్య ఇక్కడే ఆగిపోయింది. ఆమె మాటని తేలిగ్గా తీసెయ్యలేను, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మీ పేరు గురించి మీకు పట్టింపు ఉండొచ్చు. ఇది పాప ఫైలు. ఒకసారి వాళ్ళు ఒప్పుకున్నదాన్ని ఇప్పుడు మీరే వెళ్ళి కెలుకుతారా? తప్పుడు సమాచారం ఇచ్చారని తేలిస్తే ఐదేళ్ళు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోనివ్వరు. అది గుర్తుందా?"

గుర్తుంది. కెనడా పౌరసత్వ చట్టంలో ఆ ఐదేళ్ళ నిషేధం ఉన్నమాట నిజమే. రెండు రాత్రులు నాకూ నిద్ర పట్టలేదు. టెన్షన్ భరించలేక విండ్సర్‌లో లైసెన్సున్న ఒక కన్సల్టెంట్‌కి ఫీజు కట్టి ఫోన్లో మాట్లాడాను. ఆవిడ మొత్తం విని, "మీరు ఎవరో, పాప తండ్రి మీరేనా అన్న విషయంలో ఎక్కడా తేడా లేదు కదా? అయితే చెప్పెయ్యండి. ఒక్క పేజీ. కథలా వద్దు, తేదీల వరసలో" అంది. నాకు తెలిసినదాన్నే ఇంకొకరి నోట వినడానికి డబ్బు కట్టినట్టయింది. అయినా ఆ పూట అన్నం సయించింది.

మా ఇంట్లో మాత్రం ఈ చర్చ అంతటితో తెగలేదు. చెప్పకుండా వదిలేస్తే ఎవరూ అడగకపోవచ్చన్నది నా భార్య వాదన. అది నిజం కావచ్చు కూడా. కానీ పౌరసత్వం దరఖాస్తు చివర సంతకం పెట్టే చోట పైన రాసినదంతా నిజమని ఒప్పుకుంటాం. ఈసారి చదివి పెట్టాలని నాకు ఉంది.

చట్టమే పక్కన రాయమంది

జెరాక్స్ షాపు పెద్దమనిషి చెప్పిన దారి ఎంతవరకు వెళ్తుందో కాస్త చూద్దాం. ఏడాది దాటాక జననం నమోదు చెయ్యాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మునుపు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఇచ్చేవారు. 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేటో, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటో, వాళ్ళు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో ఇస్తున్నారు. అంటే నేను వాళ్ళ ముందుకెళ్ళి మా పాప పుట్టుక ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదని చెప్పాలి. నమోదైంది. మా అమ్మ ఎండలో నడిచి వెళ్ళి, లైన్లో నిలబడి చేయించింది. ఆమె చేసిన పనిని చెయ్యలేదని నేను ప్రమాణం చెయ్యాలి. నాకది చేతకాదు.

ఒక పిల్లకి రెండు ఊళ్ళలో రెండు పుట్టుకలు ఉండడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ఇవాళ ఫైలు దాటుతుంది. రేపు పాప పెద్దదై ఏదో అవసరానికి మొదటి కాయితం బయటపడితే జవాబు చెప్పుకోవాల్సింది తను.

మరి సరైన దారి ఏది? జనన మరణాల నమోదు చట్టం, 1969. అందులో 15వ సెక్షన్. ఇది చదివే దాకా నాకు ఆ చట్టం మీద ప్రత్యేకమైన అభిప్రాయమేమీ లేదు. చదివాక రెండు మూడుసార్లు మళ్ళీ చదువుకున్నాను. రిజిస్టరులో ఏదైనా తప్పు పడిందని రుజువైతే రిజిస్ట్రారు దాన్ని సరిచెయ్యొచ్చు. ఎలా సరిచెయ్యాలో కూడా చెప్పింది. మొదట రాసినదాన్ని ముట్టుకోకూడదు. మార్జిన్‌లో సరైన మాట రాసి, సంతకం పెట్టి, ఆ సవరణ చేసిన తేదీ వెయ్యాలి.

అంటే అమ్మ చెప్పగా గుమాస్తా రాసిన ఆ "రమణ రావు" అక్కడే ఉంటుంది. దాని పక్కన 2025లో ఇంకో చేతి రాతతో నా పేరు చేరుతుంది. ఆ పేజీ చూసిన ఎవరికైనా అప్పుడు ఏం రాశారో, ఇప్పుడు ఏం సరిచేశారో, ఎప్పుడు సరిచేశారో తెలుస్తుంది. ఇంతకంటే మర్యాదగా తప్పుని దిద్దే పద్ధతి నాకు తెలీదు.

దరఖాస్తు ఇచ్చాను. ఇప్పటికి మూడుసార్లు తిరిగాను. కౌంటర్లో కుర్రాడు నేను తెలుగులో మొదలుపెడితే ఒడియాలో జవాబిచ్చాడు, నేను ఒడియాలోకి మారితే ఆయన తెలుగులోకి వచ్చాడు. మా ఊళ్ళో ఇది రోజూ ఉండేదే. నా పదో తరగతి సర్టిఫికెట్, పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్, పాప పాస్‌పోర్టు జోడించాను. "ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా?" అని అడిగాడు. పదకొండేళ్ళ కిందట ఆ ప్రశ్న అడిగి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

బావది ఇంకో వాదన. అందరూ గెజిట్‌లో పేరు మార్పించుకుంటున్నారు, చివర రావు పెట్టేసుకుంటే ఒడిశాలోనూ కెనడాలోనూ సుఖం కదా అని. నేను కాదనను, కొందరికి అది నిజంగానే సులువు. కెనడాలో నన్ను బ్యాంకులో, డాక్టరు దగ్గర ఇంటిపేరుతోనే పిలుస్తారు, అదీ ఏడు రకాలుగా. అయినా నా పేరు తప్పు కాదు కదా. తప్పు పడ్డది ఒక గడిలో. గడిని దిద్దితే పోయేదానికి పేరు మార్చుకోవడం నాకు నచ్చలేదు.

తాత ట్రంకు పెట్టె

పదో తరగతి సర్టిఫికెట్ కోసం అటక మీది ట్రంకు దించితే తాత కాయితాలు బయటపడ్డాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడినప్పుడు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్ళింది. పక్కనున్న పాతపట్నం, టెక్కలి మద్రాసులోనే మిగిలాయి. పర్లాకిమిడిలోనే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఆ మార్పుకి నిరసనగా ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతకి అప్పుడు పదేళ్ళు. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. ఇల్లు ఇక్కడ, నాలుగు మైళ్ళ అవతల పొలం అక్కడ. ఏ ఫారం నింపలేదు, ఏ పరీక్షా రాయలేదు. పొద్దున్న లేచేసరికి వేరే ప్రావిన్సు.

ట్రంకులో ఆయన పేరు మూడు రకాలుగా ఉంది. పొలం దస్తావేజులో తెలుగులో ఇంటిపేరు ముందు, అప్పలస్వామి వెనక. ఇంటి స్థలం కాయితంలో ఒడియాలో అప్పల స్వామి రెండు ముక్కలై, స్వామి టైటిల్ అయింది. పాత పన్ను రసీదులో ఇంగ్లీషులో పొడి అక్షరంతో ఇంకోలా. మూడూ ఆయనే. ఆ మూడు కాయితాలతోనే ఆయన బతికాడు, అప్పు తీసుకున్నాడు, తీర్చాడు, పొలం మా నాన్నకి రాసిచ్చాడు. ఇచ్చేటప్పుడు దస్తావేజు రాసినాయన చివర ఒక వాక్యం చేర్చాడు. ఫలానా కాయితంలో ఫలానా పేరుతో ఉన్నవాడూ, ఇక్కడ సంతకం చేస్తున్నవాడూ ఒకరేనని. అంతే. ఆయన్ని ఫలానా పేరుతో పిలుస్తారని మాత్రం అందులో లేదు.

నేను ఆ వాక్యాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాను. నా ఒక్క పేజీ వివరణకి అదే నమూనా.

నాన్న అడిగిన రెండు ప్రశ్నలు

"ఏటిరా, ఇండియా పాస్‌పోర్టు ఇచ్చీడమేనా?"

మొదటి ప్రశ్న ఇది. ఇచ్చెయ్యడమే. కెనడా రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది, మన దేశం ఒప్పుకోదు. 1955 చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇంకో దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణంలో ఇది పోతుంది. తర్వాత పాస్‌పోర్టు సరెండర్ చేసి, విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుని, దానితో వస్తూ పోతూ ఉండాలి. ఓటు ఉండదు. ఈ మాట చెప్పేటప్పుడు నాన్న కళ్ళలోకి చూడలేకపోయాను. మా ఇంట్లో ఓటు రోజు పండగలా ఉండేది. అమ్మ తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, వేలి మీద సిరా అందరికీ చూపించుకుంటూ వచ్చేది.

రెండోది పొలం గురించి. "రేపు నా తర్వాత ఆ భూమి నీకొస్తే ఉంచనిస్తారా?" ఓసీఐ ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి కొనుక్కోకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అది విని ఆయన కాస్త నిమ్మళించాడు గానీ, "కొనకూడదు" అన్న మాట దగ్గర ఒకసారి ఆగాడు. పక్కన చిన్నాన్న వాళ్ళ అరెకరం ఎప్పుడైనా అమ్మితే నేను కొంటానని ఆయన ఆశ. ఆ ఆశ తీరదని చెప్పినట్టయింది.

మరి ఎందుకు తీసుకుంటున్నాను? పౌరసత్వానికి కెనడాలో ఉండాల్సిన నా రోజులు ఈ మే నెలకే నిండాయి. అప్పటి నుంచి దరఖాస్తు పెట్టకపోవడానికి పాప కాయితం ఒక్కటే కారణం కాదు, ఈ ప్రశ్న కూడా ఒక కారణం. పాప నాలుగేళ్ళ నుంచి అక్కడ చదువుతోంది, అక్కడే పెద్దదవుతుంది. మేమిద్దరం అక్కడ పని చేస్తున్నాం, పన్ను కడుతున్నాం, అక్కడి ఊరి బాగోగుల్లో మా మాటా ఉండాలనిపిస్తోంది. ఉండే చోట ఓటు లేకుండా ఇరవై ఏళ్ళు గడపడం నాకు సరిగా అనిపించడం లేదు. ఇది నాన్నకి చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడో లేదో తెలీదు. "అక్కడ ఓటేసినప్పుడు కూడా సిరా పెడతారా?" అని అడిగాడు. పెట్టరని చెప్పాను.

రోజులు

ఇక మిగిలింది రోజుల లెక్క. నా అభిప్రాయానికి అసలు పరీక్ష ఇక్కడే.

దరఖాస్తు పెట్టే రోజుకి వెనక ఐదేళ్ళలో 1,095 రోజులు కెనడాలో ఉండి ఉండాలి. పీఆర్ రాకముందు చదువుకో ఉద్యోగానికో అక్కడున్నవాళ్ళకి ఆ రోజులు సగం చొప్పున, 365 దాకా కలుస్తాయి. మేం ఇక్కడి నుంచి నేరుగా పీఆర్ మీద 2021 ఆగస్టు 17న దిగాం కాబట్టి మాకు ఆ వెసులుబాటు లేదు. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు రెండూ అక్కడున్నట్టే. మధ్యవి మాత్రం పోతాయి.

దిగిన కొత్తలో గుడిలో పరిచయమైన ఒకాయన నాకు గట్టిగా చెప్పాడు. "మూడేళ్ళు ఇండియా పేరెత్తకు. పాస్‌పోర్టు చేతికొచ్చాక ఎన్నిసార్లయినా వెళ్ళు." మంచి కోరే చెప్పాడు. ఈ సలహా మన సంఘాల్లో ఎంత బాగా పాతుకుపోయిందంటే, ఇంట్లో పెద్దవాళ్ళకి ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే ముందు రోజులు లెక్కేసుకునేవాళ్ళని నేను చూశాను. నాకది నచ్చలేదు. నియమమే ఐదేళ్ళలో మూడేళ్ళు ఉండమంటోంది, మిగిలిన రెండేళ్ళని మనకే వదిలింది. రోజులు తగ్గితే దరఖాస్తు వెనక్కి జరుగుతుంది, అంతేగా. అమ్మ జబ్బు వెనక్కి జరగదు.

కానీ ఇలా అనడం నాకు సులువు. నేను 2023లో ఏడు నెలలు జీతం లేని సెలవు పెట్టి వస్తే, విండ్సర్‌లో నా భార్య ఒక్కతే ఉద్యోగం చేస్తూ, పాపని చూసుకుంటూ అద్దె కట్టింది. తను 2024 చివరికే దరఖాస్తు పెట్టుకోగలిగేది. ముగ్గురం ఒకేసారి వేద్దామని నా కోసం ఆగింది. మాతోపాటు అదే నెలలో దిగినవాళ్ళు పౌరసత్వ ప్రమాణం కూడా చేసేశారు. ఉద్యోగం పోతుందన్న భయంతో రాలేనివాళ్ళని నేను తప్పుపట్టను. వచ్చి, ఆ రోజులు దాచమనే సలహాని మాత్రం తప్పుపడతాను.

ఆ సలహా నాకూ అందింది. 2022లో డెట్రాయిట్ అవతల ఒక స్నేహితుడి గృహప్రవేశానికి శుక్రవారం వెళ్ళి ఆదివారం వచ్చాం. విండ్సర్ నుంచి నది దాటితే డెట్రాయిట్, ఇక్కడ మాకు పాతపట్నం ఎలాగో అలాగ. లెక్కలో పోయేది ఒక్క శనివారం. "వచ్చేటప్పుడు స్టాంపు కూడా వెయ్యలేదు, ఆ గడి ఎందుకు నింపుతావు?" అన్నాడు స్నేహితుడు. రోడ్డు దారిన ఎవరు బయటికెళ్ళారో 2019 నుంచి, విమానాల్లో ఎవరెళ్ళారో 2020 నుంచి వాళ్ళ దగ్గర నమోదవుతోంది. కాబట్టి దాచినా దాగదు. అయితే నేను దాన్ని నింపింది దాగదని కాదు. నాకు కావలసినదానికంటే రోజులు ఎక్కువే ఉన్నాయి. అయినా ఒక శనివారం మాత్రం ఎందుకు అబద్ధం ఆడాలి?

ఏడు నెలల లెక్కే కష్టమైంది. ఎక్కడైనా వరసగా 183 రోజులు, ఆపైన ఉంటే ఆ దేశం నుంచి పోలీసు క్లియరెన్స్ కావాలి. అందుకే ఈసారి ఇక్కడికి రావడం. కానిస్టేబుల్ ఇంటికొచ్చి, పక్కింటివాళ్ళని ఇద్దరిని అడిగి, నాన్న ఇచ్చిన టీ తాగి వెళ్ళాడు. అది బాగానే జరిగింది. చిక్కు తేదీలతో వచ్చింది. బయల్దేరింది 2023 జనవరి 23 అని టికెట్టు ఉంది. తిరిగి వెళ్ళిన టికెట్టు ఆగస్టు 12ది దొరికింది, కానీ నేను ఆ రోజు వెళ్ళలేదు. అమ్మ జూలైలో పోయింది. నాన్నని వదల్లేక ఫోన్ చేసి ప్రయాణం వెనక్కి జరిపించుకున్నాను. ఆ కొత్త టికెట్టు మెయిల్ ఎక్కడా లేదు. పాస్‌పోర్టులో మన ఎమిగ్రేషన్ స్టాంపు చెమ్మకి అలుక్కుపోయి, రెండు అంకె ఒక్కటే కనిపిస్తోంది. అక్కడి బోర్డర్ ఏజెన్సీని ట్రావెల్ హిస్టరీ అడిగాను, ఇంకా రాలేదు.

"కేలండర్ సూడు" అన్నాడు నాన్న.

మా వంటింటి తలుపు వెనక మేకుకి పాత కేలండర్లు వేలాడుతూ ఉంటాయి. అమ్మ వాటి మీద పాల లెక్క రాసేది. ప్రతి తేదీ కింద పెన్సిల్‌తో అర, లీటరు, నాగా. 2023ది తీశాను. జనవరి 25 దాకా అర. 26 నుంచి ముప్పావు. నేను వచ్చానన్నమాట. మార్చిలో పిన్ని వచ్చి ఉన్నప్పటి నుంచి లీటరు. అంకెలు మే దాకా అమ్మ చేతివే, గుండ్రంగా, ఒద్దికగా. మే 19 నుంచి రాత మారింది. అక్కడి నుంచి నాన్న రాత, పెద్దగా, గడి దాటి బయటికి వచ్చేస్తూ. జూలైలో పది రోజుల పైన ఏమీ రాయలేదు. ఆగస్టు మొదట్లో మళ్ళీ అర, మా ఇద్దరికీ.

ఆగస్టు 22 కింద "రమణ ఎల్నాడు" అని ఉంది. ఇక్కడ 22 సాయంత్రం బయల్దేరితే విండ్సర్ చేరేసరికి 24. అంటే జనవరి 24 నుంచి ఆగస్టు 23 దాకా నేను కెనడాలో లేను. వేళ్ళ మీద ఒకసారి, ఫోన్లో ఒకసారి లెక్కపెట్టాను. 212 రోజులు.

గడిలో అంకె వేశాను. పక్కన కారణం అని ఇంకో గడి ఉంది. తల్లి అనారోగ్యం, మరణం అని రాశాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, నేను రాసింది చదివించుకుని, కేలండర్ తీసుకుని మళ్ళీ మేకుకి తగిలించబోయాడు. అప్పుడు చూశాను. ఆగస్టు 23 నుంచి నెలాఖరు దాకా అన్ని గడుల్లోనూ పావు అని ఉంది.